మదార్‌బీ వెతికిన బీదమనిషి

రంజాను నెల ఎండాకాలంలో రావడమంటే మదార్‌బీకి ఎప్పుడో వెళ్ళిపోయిన చుట్టం మళ్ళీ గుమ్మంలో నిలబడ్డట్టే. చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే నెల కనుక ఏడాదికి కాస్త చొప్పున వెనక్కి జరుగుతూ, చలికాలం, వానాకాలం అన్నీ తిరిగి, ఒక తరం గడిచాక మళ్ళీ రోహిణి కార్తెకి వచ్చి కూర్చుంటుంది. ఆమె బతుకులో అలా రావడం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆకివీడులో పుట్టిల్లు. పెద్దవాళ్ళతో పంతానికి ఒక్కపొద్దు పట్టిన పిల్లలందరూ మధ్యాహ్నమయ్యేసరికి ఉప్పుటేరులో మెడలోతున దిగి, నోళ్ళు బిగించుకుని, ఎండ వాలేదాకా గేదెల్లా అలాగే ఉండిపోయేవాళ్ళు. ఎండాకాలం ఆ ఏటి నీళ్ళు ఉప్పన, మింగుదామన్న ఆశైనా పుట్టేది కాదు. అయినా ఆమె మేనత్త గట్టు మీద కాపలా కూర్చుని, పైకి వచ్చిన ప్రతి పిల్లనీ ‘ఏదీ, ఉమ్మవే’ అని ఉమ్మించి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. రెండోసారికి మదార్‌బీ ఇల్లాలు, చంకలో కొడుకు సిలార్. పాలిచ్చే తల్లికి మినహాయింపు ఉందని ఎంతమంది చెప్పినా వినకుండా నెలంతా లాగించింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతుంది.

మూడోసారికి మాత్రం ఒళ్ళు మాట వినలేదు.

భర్త పోయాక ఆ ఏడే ఆవిడ తాడేపల్లిగూడెం వచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. ఉల్లిపాయల మార్కెట్ వెనక సందులో సిలార్‌ది పరుపుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. తాతల నాటి దూదేకే పనే, కాకపోతే విల్లు పోయి మిషను వచ్చింది. రంజాను మొదలైన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం ఆవిడ కొట్లోకి వచ్చి, మిషను పక్కన నిలబడి ఏదో చెప్పబోయి, ఏకిన దూది గుట్ట మీదికి వాలిపోయింది. పడడం మెత్తగానే పడింది గానీ, లేవదీసేసరికి చెమటకి దూది అంటుకుని మొహమంతా తెల్లబడిపోయింది. కోడలు మెహరూన్ అది చూసి, అయిపోయిందనుకుని గుండెలు బాదుకుంది.

డాక్టరు బతికించాడు, ఆపైన తిట్టాడు. “షుగరు మాత్రలు వేసుకుంటూ ఈ ఎండల్లో పస్తులేంటండీ? పూటపూటకీ తినాలి, నీళ్ళు తాగాలి. ఒక్కపొద్దన్న మాట మర్చిపోండి.”

మర్చిపోవడానికి అదేమైనా మందుల చీటీయా? ఇంటికి వచ్చి మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. సిలార్ వెళ్ళి మసీదు హజరత్ గారిని పిలుచుకొచ్చాడు. ఆయన చిన్నవాడే గానీ మాట నిదానం.

“తగ్గే జబ్బయితే తగ్గాక పట్టుకోవచ్చమ్మా. షుగరు పోయేది కాదు కదా. మీరు పట్టలేని ఒక్కో ఒక్కపొద్దుకీ ఒక బీదమనిషికి కడుపునిండా అన్నం పెట్టండి. దాన్నే ఫిద్యా అంటారు. దాంతో మీ బాకీ తీరుతుంది.”

“మనవాళ్ళే అయి ఉండాలాండీ?”

“బీదవాడైతే చాలమ్మా.”

సిలార్‌కి ప్రాణం కుదుటపడింది. “అంతే కదా అమ్మా. ఆ బియ్యం, పప్పు ఏవో మసీదులో ఇచ్చేసి వస్తాను. వాళ్ళే ఎవరికో ఒకరికి పెట్టుకుంటారు.”

“వద్దు,” అంది మదార్‌బీ, గోడ వైపు నుంచి ఇటు తిరిగి. “ఒక్కపొద్దు నా ఒంటితో పట్టేదాన్ని. దాని బదులూ నా చేత్తోనే పెడతాను. ఎవరు తిన్నారో, ఎవరు పారేశారో నా కంటికి కనపడాలి.”

అదుగో, అక్కడ మొదలైంది వెతుకులాట. గూడెంలో బీదమనిషి దొరకడం అంత కష్టమని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

మొదట సందు మొగలో రిక్షా పెట్టుకుని ఉండే శామ్యూల్‌ని పిలిచింది. ఆయన రిక్షా దిగకుండానే అడిగాడు. “ఏంటమ్మా, బీదోళ్ళకి పెడుతున్నారా? నేను మీ కంటికి బీదోడిలా ఆనానా? మా పెద్దోడు భీమవరంలో ఏసీ మెకానిక్కండీ. నేను ఖాళీగా ఉండలేక తొక్కుతున్నాను.” ఆ తర్వాత ఆయన వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. స్టేషన్ దగ్గర అడుక్కునే ముసలమ్మలు ఉంటారు కదా అని వెళితే ఒక్కరూ లేరు. టీ బండి అతను నవ్వాడు. “ఎండలు ముదిరాక అందరూ ద్వారకా తిరుమల వెళ్ళిపోయారండీ. అక్కడ భోజనాల హాల్లో ఫ్యాన్లు ఉంటాయి.” పోనీ మసీదు వీధిలో భర్త లేని ఒక మనిషి ఉంది, సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళకి ఆమెకి పెడదామనుకుంటే, ఆమె పాపం ఎంతో మర్యాదగా చెప్పింది. “ఈ వారం ఖాళీ లేదు పిన్నీ. ఇవాళ బియ్యం కొట్టువాళ్ళు, రేపు చెప్పుల షాపువాళ్ళు. నువ్వు ముందే చెప్పి ఉంటే బావుండేది.”

రోజులు దొర్లుతున్నాయి. పట్టలేని ఒక్కపొద్దులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. నోరు కట్టుకున్న కోడలి చేత వండించుకోలేక మదార్‌బీ తన ముద్ద తానే వండుకుని, కొట్లో పరుపు గుడ్డ అడ్డం కట్టుకుని, దొంగతనం చేసినట్టు తినేది. ఆ వేళకి సిలార్ మధ్యాహ్నపు జొహర్ నమాజుకి వెళ్ళి మసీదు ఫ్యాన్ల కింద నడుం వాల్చేవాడు. మెహరూన్ వెనక గదిలో చాప మీద స్పృహ లేనట్టు నిద్రపోయేది. బయట వడగాడ్పు సందులో ఉల్లిపొట్టును లేపి, గుండ్రంగా తిప్పి, మళ్ళీ కింద పడేసేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, గుడ్డ సందులోంచి ఆవిడకి ఎదురుగా ఉల్లిపాయల షెడ్డులో ఒక ముసలాయన కనిపించాడు. చిరుగుల బనీను, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, నెత్తిన తడిపిన తువ్వాలు, ఒంటినిండా ఉల్లిపొట్టు. గోనె సంచుల మీద కూర్చుని మెడ సాచి గాలి పీలుస్తున్నాడు. ఆవిడ ఆ రోజు చింతచిగురు, ఎండురొయ్యలు వండింది. ఆయన ముక్కు సూటిగా ఆ గిన్నె వైపే తిరిగి ఉంది.

మదార్‌బీ గుడ్డ తొలగించింది. “ఏవయ్యా పెద్దాయనా, అన్నం తింటావా?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. “నన్నేనా?”

“నిన్నే. వేడన్నం. చింతచిగురు, రొయ్యలు.”

“ఉప్పేశారా?”

“ఉప్పు లేకుండా ఎవరు వండుతారయ్యా?”

ఆయన తువ్వాలుతో ఒళ్ళు దులుపుకున్నాడు. లేచి వచ్చాడు.

ఆయన తినడం చూసి తీరాలి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండో ముద్దకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, కారానికో దేనికో. మదార్‌బీ గిన్నె దగ్గరికి జరిపింది.

“ఇంట్లో అన్నం పెట్టరా?”

“పెట్టరమ్మా.”

“ఎవరు, కోడలా?”

“కోడలే. పొద్దున ఇంత రాగిజావ పోస్తుంది. మధ్యాహ్నం ఉడకబెట్టిన ఆనపకాయ ముక్కలు. రాత్రికి ఒక ఎండు రొట్టె. ఉప్పుండదు, కారముండదు. అన్నం మొహం చూసి ఎన్నాళ్ళయిందో.”

“కొడుకు అడగడా?”

“వాడా! వాడు ఆమె ఏం చెబితే అది.”

“కలికాలం,” అంది మదార్‌బీ, ఇంకో గరిటె వడ్డిస్తూ.

మర్నాడూ ఆయన వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వంకాయ పచ్చిరొయ్యలు, మామిడికాయ పప్పు, బొమ్మిడాయిల పులుసు, ఆవిడ వండినవన్నీ తిన్నాడు. తింటూ ఊరివాళ్ళ కబుర్లు చెప్పేవాడు. ఆవిడ ఉప్పుటేరు కబుర్లు చెప్పేది. పేరు అడగలేదు. పెద్దాయనా అంటే పలికేవాడు, అమ్మా అని పిలిచేవాడు. వడ్డించిన ప్రతి విస్తరికీ ఆవిడ లోపల ఒక ఒక్కపొద్దు తీరినట్టు అనుకుని, ఆ పూట మాత్ర సుఖంగా మింగేది.

ఒకటి రెండు సంగతులు కంట్లో నలుసుల్లా పడకపోలేదు. ఒకరోజు పంచె మడతలోంచి ఫోను మోగితే ఆయన తీశాడు. పెద్ద ఫోను, సిలార్ దగ్గర ఉన్నదానికంటే పెద్దది. “నాసిక్ లారీ దింపొద్దు, అలాగే ఉండనీ,” అన్నాడు అందులోకి. కాపలావాడు కాబోలు, యజమాని మాట ఎవరికో చెబుతున్నాడనుకుంది. ఇంకోరోజు ఆయన షెడ్డులోంచి వస్తుంటే కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆవిడ చూపు గిన్నెలోకి దించుకుని పులుసు కలిపింది. అన్నం మెత్తబడిందనీ, చల్లారిపోతోందనీ అనుకుంది.

రంజాను సగం దాటిన ఒక మధ్యాహ్నం సందులోకి తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక నడివయసు ఇల్లాలు దిగి, ఎండకి కొంగు నెత్తిన వేసుకుని, నేరుగా పరుపుల కొట్లోకి వచ్చింది. అప్పుడే పెద్దాయన పులుసన్నం కలిపి ముద్ద ఎత్తాడు.

“ఏవండీ, మా మామయ్యగారికి అన్నం పెడుతున్నది మీరేనా?”

మదార్‌బీ ఇన్నాళ్ళుగా నిలదీయాలని ఎదురు చూస్తున్న కోడలు ఈమే అన్నమాట. కొంగు బిగించుకుని లేచింది. “నేనే పెడుతున్నానమ్మా. నువ్వు పెట్టకపోతే పైవాళ్ళెవరైనా పెట్టాలి కదా? కారులో తిరిగేదానివి, మామని చిరుగుల బనీనుతో గోనె సంచుల మీద పడేస్తావా? నీ పిల్లలు రేపు నీకు ఆనపకాయ ముక్కలు పెడితే తెలుస్తుంది.”

షెడ్డులో ఉల్లిపాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా చేతుల్లో పని ఆపేశారు. వాళ్ళలో పెద్దది సీతారత్నం, నోరు కొంచెం ధారాళం. ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆపుకోలేకపోయింది.

“మదార్‌బీ గారూ! ఆ గోనె సంచులూ ఆయనవే, ఈ షెడ్డూ ఆయనదేనండీ. అమరేశ్వరరావు గారంటే మార్కెట్లో సగం ఆయనదే. ఆ బనీను మాత్రం మా పెళ్ళిళ్ళ నాటినుంచీ మార్చలేదు, అది నిజం.”

సందంతా నవ్వింది. ఆయన ముద్ద అలాగే పట్టుకుని కోడలి వైపు చూశాడు. “ఒక్క ముద్ద, ఇందుమతీ. కలిపేశాను.”

“కింద పెట్టండి మామయ్యగారూ.” ఇందుమతి విస్తరి పక్కకి జరిపి, మదార్‌బీ వైపు తిరిగింది. “పోయినేడు ఈయన కాలు తీసేయాలన్నారండీ డాక్టర్లు. ఒక వేలు తీయించి ఆపగలిగాను. అప్పటినుంచీ గరిట నేనే పట్టుకుంటున్నాను. ఈయనకి తోడుగా ఇంట్లో అందరం ఉప్పు తగ్గించేశాం. బుద్ధిగా తింటున్నారు, అయినా షుగరు ఎందుకు ఇలా పెరుగుతోందా అని పదిరోజులుగా నిద్ర లేదండీ నాకు.”

మదార్‌బీ బిగించిన కొంగు వదిలేసింది. తానూ షుగరు మనిషే. మొదట చూసింది ఆయన కాలి వైపు. చెప్పులోంచి బొటనవేలు పక్కన ఖాళీ కనిపించింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని తింటే ఎందుకు కనపడలేదో!

“నువ్వు బీదవాడివి కాదా?” అంది చివరికి.

“నేనెప్పుడన్నానమ్మా బీదవాణ్ణని?”

“ఇంట్లో అన్నం పెట్టరన్నావు కదయ్యా!”

“పెట్టరు కదా! ఎదురుగానే ఉంది, అడగండి.”

ఇందుమతి ఆయన చెయ్యి కడిగించి కారెక్కించింది.

సాయంత్రం మిషను ఆపి లోపలికి వచ్చిన సిలార్ సంగతి విని పడీ పడీ నవ్వాడు. దూది దుమ్ము పట్టిన ఎండు గొంతుతో నవ్వేసరికి దగ్గొచ్చింది. అయినా నవ్వాడు. “అమరేశ్వరరావు గారికా! అమ్మా, ఆయన ఇంటికి నేను పదహారు పరుపులు కుట్టాను.”

“ఇప్పుడెలాగరా?”

“ఎలాగేముంది? తెలీక పెట్టావు. దేవుడు లెక్కేసుకుంటాడులే.”

ఆ ‘లే’ అన్నమాట ఆవిడకి అరగలేదు. మర్నాడు ఎండ వాలాక కొడుకుని వెంటబెట్టుకుని మసీదు వసారా దగ్గరికి వెళ్ళి, హజరత్ గారిని పిలిపించి, జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏ రోజు ఏ కూర వండిందో కూడా చెప్పింది. ఆయన నవ్వలేదు.

“అమ్మా, దీనికి ఒక పద్ధతుంది. మనిషి బీదవాడో కాదో విచారించి, మనసు అవునన్నాక పెట్టి ఉంటే, తర్వాత ఉన్నవాడని తేలినా పరవాలేదు, బాకీ తీరినట్టే. అసలు విచారించకుండా పెట్టి ఉంటే మాత్రం మళ్ళీ పెట్టాలి. మీరు విచారించే పెట్టారు కదా?”

వెనక నుంచి సిలార్ అందుకున్నాడు. “విచారించిందండీ. ఇంట్లో అన్నం పెడతారా అని అడిగింది, పెట్టరన్నాడు. కొడుకు సంగతి అడిగింది. ఇంకేం విచారించాలి?”

హజరత్ గారు తలాడించారు. అంతటితో లేవబోయారు కూడా. మదార్‌బీ మెట్టు మీద కూర్చుని ఉంది. కొడుకు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ‘అవునండి’ అంటే చాలు. ఇన్ని రోజుల వంటా, ఇన్ని ఒక్కపొద్దులూ నిలబడతాయి. మళ్ళీ ఈ ఎండల్లో బీదమనిషి కోసం తిరగక్కర్లేదు. మోకాళ్ళు కూడా అదే మాట చెబుతున్నాయి.

“లేదండి,” అంది.

“అమ్మా!” అన్నాడు సిలార్.

“నువ్వుండరా. అడగడం అడిగానండీ, విస్తరి వేసి అన్నం పెట్టాక అడిగాను. ముందు బనీను చూసి పిలిచాను, అంతే. తర్వాత ఫోను చూశాను. గుమాస్తా లేచి నిలబడడం చూశాను. అనుమానం వచ్చింది. అడిగితే కాదంటాడేమో, అప్పుడు మళ్ళీ వెతుక్కోవాలని అడగలేదు. తలొంచుకుని పులుసు కలిపాను.”

లేవబోయిన హజరత్ గారు మళ్ళీ కూర్చున్నారు. “అయితే మళ్ళీ పెట్టండమ్మా. రోజుకొకరికే పెట్టాలని లేదు. అన్ని రోజులకి సరిపడే మనుషులకి ఒక్కరోజే పెట్టినా సరిపోతుంది. ఈసారి ముందు అడగండి.”

దారిలో సిలార్ గొణుగుతూనే ఉన్నాడు. “ఒక్కమాట. ఒక్క అవునంటే అయిపోయేది.”

“హజరత్ గారికి అయిపోయేదిరా,” అంది ఆవిడ.

అలా మదార్‌బీ విచారణ మొదలైంది. ఎదుటి షెడ్డులో, నిప్పుల మీద పెనంలా కాలే రేకుల కింద, ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుంది. కుళ్ళినవి ఒక పక్క, మొలకెత్తినవి ఒక పక్క, మంచివి గోనెలోకి. చేతులు వాళ్ళలాగే ఏరుతుంటే నోరు అడుగుతుండేది. మీ ఆయనేం చేస్తాడు, ఇల్లు సొంతమా, పిల్లలెందరు, అత్తగారుందా?

రెండో రోజుకి సీతారత్నం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఏంటండీ, పెళ్ళి సంబంధానికొచ్చినట్టు ఈ కూపీలు?”

“మీరు బీదవాళ్ళో కాదో తెలుసుకోవాలమ్మా. బీదవాళ్ళకి అన్నం పెట్టాలి నేను.”

షెడ్డు గొల్లుమంది. సీతారత్నం అందుకుంది.

“ఏమ్మా, ఎవరమ్మా బీదోళ్ళు? చేతులెత్తండి, మదార్‌బీ గారు రాసుకుంటారంట!”

ఒక్క చెయ్యి లేవలేదు. సీతారత్నం అయితే తనకి ఇల్లుందని చెప్పింది. గవర్నమెంటు ఇచ్చిందట. “వానొస్తే మాత్రం లోపలున్నా బయటున్నట్టే ఉంటదండీ.”

మదార్‌బీ ఇలా లాభం లేదనుకుంది. మర్నాటి నుంచి ప్రశ్న మార్చింది. పొద్దున ఏం తిన్నావు, అంతే అడిగేది. దానికి రకరకాల జవాబులొచ్చాయి. చద్దన్నం అన్నవాళ్ళున్నారు, టీ అన్నవాళ్ళున్నారు. నవ్వేసి పక్కకి చూసినవాళ్ళున్నారు. ఒకామె అయితే తనంతట తానే చెప్పింది. “నన్ను కలపొద్దండీ. మా ఆయన లారీ డ్రైవరు, మాకేం లోటు లేదు. నాది ఇంకొకరికి పెట్టండి.” చివర్న కూర్చునే ప్రసన్న, మాట తక్కువ పిల్ల, ఉల్లిపాయ మీంచి చూపు ఎత్తకుండా చెప్పింది. “బడికి సెలవులు కదండీ. పిల్లలకి మధ్యాహ్నం బడన్నం లేదు. నాది వాళ్ళకి పెట్టేసి వచ్చాను.”

“నిన్న?”

“నిన్నా అంతేనండి.”

ఈ సంగతి అమరేశ్వరరావు గారికి తెలిసింది. షెడ్డు ఆయనదే అయ్యె, తెలియకుండా ఎలా ఉంటుంది? బియ్యం బస్తాలు బండి మీద వేయించుకుని తానే వచ్చాడు. ఈసారి చొక్కా తొడుక్కున్నాడు, కోడలి బలవంతం కాబోలు.

“నా వల్ల జరిగిన తప్పమ్మా ఇది. తీసుకోండి.”

“తీసుకుంటే అది నీ అన్నం అవుతుంది, నా ఫిద్యా కాదు. తిప్పి పంపించెయ్యి.”

“పోనీ ఉల్లిపాయలైనా.”

“అవీ వద్దు.”

“ఊరంతటికీ ఉల్లిపాయలు వెళ్ళేదే ఇక్కణ్ణించి కదమ్మా! మీరెక్కడ కొంటారు?”

“కిరాణా కొట్లో.”

ఆయనకి అది నిజంగానే నొప్పి కలిగించింది. తన షెడ్డు ఎదురుగా, సిలార్ కిరాణా కొట్టు నుంచి సంచీలో ఉల్లిపాయలు మోసుకొస్తుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. “మరి నేనేం చెయ్యను?” అన్నాడు చివరికి, బడి నుంచి పంపేసిన కుర్రాడిలా.

“విస్తళ్ళ దగ్గర నీళ్ళు పొయ్యి,” అంది మదార్‌బీ.

పండగ ఇంకొద్ది రోజులుందనగా వంట పెట్టింది. ఆకివీడులో పుట్టింటి చేపల చెరువులో ఆవిడకీ ఒక వాటా ఉంది. ఆ చేపలు ఐసు పెట్టెలో వచ్చాయి. ఒక్కపొద్దు పట్టిన మెహరూన్ పొయ్యి సెగలో నిలబడి మసాలా నూరిచ్చింది, సిలార్ గాడిపొయ్యి తవ్వి గుండిగ ఎక్కించాడు. ఇంట్లో ఉప్పు చూడగలిగే నోరు మదార్‌బీదొక్కటే. అరచేతిలో పులుసు చుక్క వేసుకుని నాకి, ఇంకాస్త చింతపండు పడాలంది. ఆ నెలలో ఆ నోరు పనికొచ్చిన రోజు అదే.

షెడ్డులో గోనెలు పరిచి విస్తళ్ళు వేశారు. అమరేశ్వరరావు గారు కూజా పట్టుకుని వంగి నీళ్ళు పోస్తుంటే ఆడవాళ్ళు కంగారుపడి లేచి నిలబడ్డారు. “కూర్చోండమ్మా, కూర్చోండి, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తుంది ఈవిడ,” అన్నాడు. సీతారత్నం గ్లాసు చాపి, “మాకు చల్లటివి కావాలండీ అయ్యగారూ, మామూలువి కాదు,” అంది. ఆయన నిజంగానే ఐసు కోసం మనిషిని పంపాడు. ఆయనకి మాత్రం ఎవరూ విస్తరి వేయలేదు. ఇందుమతి పంపిన క్యారేజీ షెడ్డు మూల ఉంది. దాని వైపు ఆయన వెళ్ళలేదు.

మదార్‌బీ గరిట పట్టుకుని వరస చివరిదాకా వెళ్ళింది. చివర్న ప్రసన్న విస్తట్లో అన్నం తగ్గుతోంది గానీ నోరు కదలడం లేదు. మోకాలి చాటున ప్లాస్టిక్ కవరు ఒకటి ఉబ్బుతోంది.

“అదేంటమ్మా?”

ప్రసన్న కవరు వెనక్కి జరిపింది. “పిల్లలకండీ. నేను తర్వాత తింటాను.”

“పిల్లలకి వేరే కట్టిస్తాను. గుండిగలో ఉంది. ఇది నువ్వు తినాలి.”

“తింటానండీ, ఇంటికెళ్ళి.”

“ఇంటికెళ్ళాక నువ్వు తినవు.” మదార్‌బీ మెహరూన్‌ని కేకేసి, డబ్బా నిండా అన్నం, పులుసు వేయించి, చేపముక్కలు పైన పెట్టించి ప్రసన్న పక్కన పెట్టింది. తర్వాత ఎదురుగా గోనె మీద చతికిలబడింది. “ఇక కానీ.”

“మీరు చూస్తుంటే ఎలా తినను?”

“చూడను. నాకెందుకు?” అని మదార్‌బీ ఆ పిల్లకి వీపు పెట్టి, సందు వైపు తిరిగి కూర్చుంది. ఎండలో నాసిక్ లారీ ఒకటి నిలబడి ఉంది. క్లీనరు దాని నీడలో పడుకున్నాడు. వెనక చాలాసేపు చప్పుడు లేదు. ఆవిడ వెనక్కి తిరగలేదు. తర్వాత విస్తరాకు మీద చెయ్యి జరిగిన చప్పుడు వినిపించింది. ముల్లు తీసి పక్కన పెట్టిన చప్పుడు. ముద్ద తర్వాత ముద్ద. లారీ కిందికి ఒక కుక్క దూరి క్లీనరు పక్కన పడుకుంది. అమరేశ్వరరావు గారు కూజాతో ఇటు రాబోతే ఆవిడ చేత్తోనే ఆగమంది.

“ఏవండీ,” అంది ప్రసన్న వెనక నుంచి, మెల్లగా. “ఇంకాస్త పులుసు ఉంటుందాండీ?”

మదార్‌బీ మోకాలి మీద చెయ్యి ఊని లేచి, గరిట తీసుకుని గుండిగ దగ్గరికి నడిచింది.